తాటాకు విసనకర్ర

"సాయంత్రం అయిదింటికి ఆ పిల్లని కోర్టులో నిలబెడుతున్నారు. ఇంక మీరు కొత్తగా కనిపెట్టేదేముంది, డాక్టరమ్మా?" అన్నాడు తిల్లైనాయగం.

చిత్తిరై నెల ఎండకి ఆ గది కుంపటిలా ఉంది. అయినా పంకా తిరగటం లేదు. మంగయర్కరసి కొంగుతో మెడ తుడుచుకుని స్విచ్చు వైపు చూసింది.

"వేయకండి. పొద్దుటే పంకా గాలికి మెడ పట్టేసింది," అన్నాడాయన విసుగ్గా. బల్లమీద తాటిబెల్లం కాఫీ ముట్టకుండానే చల్లారి, పైన పొర కట్టింది. ఆయన ఎడమచేతి బొటనవేలిని బల్ల అంచుకేసి రాస్తూ మాట్లాడుతున్నాడు.

తిల్లైనాయగం ఆ ఆస్పత్రిలో అవయవ మార్పిడి విభాగానికి పెద్ద. తిరునెల్వేలి చుట్టుపక్కల ఆయన కత్తి పట్టాడంటే యముడు కూడా గుమ్మం దగ్గరే ఆగుతాడని చెప్పుకుంటారు. మంగయర్కరసిది అంటురోగాల విభాగం. పరాయి అవయవం ఒంటికి పట్టాలంటే ఒంటికున్న కాపలాని మందులతో తగ్గించాలి. కాపలా తగ్గిన ఇంట్లోకి దొంగలు దూరకుండా చూడటమే ముప్పయ్యేళ్ళుగా ఆమె పని. రోగులు ఆమెని దొంగల్ని పట్టే డాక్టరమ్మ అంటారు. ఇప్పుడామె వెతుకుతున్న దొంగ ఇద్దరిని పొట్టన పెట్టుకుంది.

ఆరువారాల కిందట ఇసక్కిముత్తు అనే గీత కార్మికుడు తాటిచెట్టు మీంచి పడి, తలకి దెబ్బతగిలి ఈ ఆస్పత్రికి వచ్చాడు. మెదడు చచ్చిపోయిందని డాక్టర్లు తేల్చాక అతని భార్య అవయవాలివ్వటానికి ఒప్పుకుంది. రెండు కిడ్నీలు ఇద్దరికి, కాలేయం మూడో మనిషికి పెట్టారు. ముగ్గురూ నవ్వుతూ ఇంటికెళ్ళారు. పోయిన వారం కిడ్నీ పెట్టించుకున్న మొదటి మనిషి కాళ్ళు పడిపోయి తిరిగొచ్చాడు, మతి తప్పింది, పోయాడు. మొన్న సోమవారం రెండో మనిషీ అదే దారిన పోయాడు. ఇద్దరికీ సేవ చేసింది జెబమణి అనే నర్సు. రోగి తన్నుకుంటుంటే చూడలేక ఒక మత్తుమందు సూది ఎక్కువ వేశానని ఆ పిల్ల తానే చెప్పింది. చెప్పటమే ఆమె చేసిన తప్పయింది. తిల్లైనాయగం పోలీసు కంప్లైంటు ఇచ్చాడు.

"ఆ ఇద్దరినీ కలిపేది జెబమణి కాదు సార్. ఇసక్కిముత్తు. అతని ఒంట్లో ఏదో ఉంది. అది వీళ్ళకొచ్చింది."

"ఏమిటా ఏదో?"

"రేబిస్ అనుకుంటున్నాను."

ఆయన నవ్వబోయి ఆగాడు. "కుక్క కాటా? చెట్టు మీంచి పడి చచ్చినవాడికా? అవయవాలు తీసుకునే ముందు వాడి పెళ్ళాన్ని మనవాళ్ళు అన్నీ అడిగారు. జ్వరమా, కామెర్లా, ఏదైనా జంతువు కరిచిందా అని. అన్నిటికీ లేదని తలూపింది. ఇంకేం కావాలి?"

"చనిపోయినవాళ్ళ నమూనాలు బెంగుళూరు పంపాను. ఫలితం రావటానికి నాలుగు రోజులు పడుతుంది. అన్నాళ్ళు ఆగితే మూడో మనిషి మిగలడు. వీరవనల్లూరు నేతపనివాడు ఆరుముగనయినార్ ఇంకా బాగానే ఉన్నాడు. నిన్న కూడా మగ్గం ముందు కూర్చున్నాడట. ఇవాళే టీకాలు మొదలుపెడితే దక్కచ్చు. కానీ మీరిచ్చే మందులు తగ్గించకపోతే టీకా పనిచేయదు."

"తగ్గిస్తే నేను పెట్టిన కాలేయం పోతుంది!" ఆయన గొంతు బొంగురుపోయింది. "ఋజువు లేకుండా నా రోగి మందుల మీద చెయ్యి వేయనివ్వను. ఇంకో మాట. దానమిచ్చినవాడి ఒంట్లోనే విషం ఉందని బయటికి పొక్కితే, ఈ జిల్లాలో రేపెవరైనా తన మనిషిని మన చేతుల్లో పెడతారా? పైవార్డులో ఎదురుచూసేవాళ్ళకి మీరు చెబుతారా జవాబు?"

ఆ మాట ఆమెని కూడా రెండు రాత్రులుగా నిద్రపోనివ్వలేదు. అందుకే దానికి ఎదురు చెప్పలేదు.

"ఋజువు తెస్తే?"

"తెండి చూద్దాం. అయిదులోపల తెండి," అన్నాడాయన బొటనవేలు గోక్కుంటూ.

* * *

ఎర్ర ఇసక నేలలో ఇసక్కిముత్తు పడిన చెట్టు కింద తంగపళం ఆమెకోసం నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఇరవయ్యేళ్ళు జంటగా చెట్లెక్కినవాళ్ళు.

"డాక్టరమ్మలు చెట్టు కింద వెతికేదేముంటుందమ్మా? పోలీసులొచ్చి తలెత్తి చూసి, మెడ నొప్పెట్టి పోయారు."

"మోకు తెగిందా?"

"నేను పేనిన మోకమ్మా అది! ఏనుగుని కట్టినా తెగదు." అతను గుడిసె చూరు నుంచి దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మూర మూరా వేళ్ళతో తడిమి చూసింది. ఎక్కడా పోగు కూడా లేవలేదు. కాళ్ళకు వేసుకునే బందమూ చెక్కుచెదరలేదు. చెట్టు మాను గరుకుగా, ఎండి ఉంది.

"ఆ రోజు వాన పడిందా?"

"వానా లేదు, మంచూ లేదు. తాగి ఎక్కాడేమో అని అడగబోతున్నారు కదూ?"

"అడగబోతున్నాను."

"అందరూ అదే అడుగుతారు. జన్మంతా కల్లుకుండల పక్కన బతికి చుక్క ముట్టనివాడమ్మా. తీపి నీరా తప్ప."

"ఆ పొద్దున నీరా తాగాడా?"

తంగపళం ఆమెని వింతగా చూశాడు. "అదెందుకడిగారు? మొదటి చెట్టు కుండ దించగానే మొదటి దొన్నె వాడిదే, అది మా ఇద్దరికీ రివాజు. పోసిచ్చాను. నోటిదాకా తీసుకెళ్ళి విసిరికొట్టాడు. గొంతు పట్టేసిందన్నాడు. 'రాత్రి పెళ్ళాం గొంతు పట్టుకుందేమిట్రా' అని నేను ఎగతాళి చేశాను." అతను కాలితో ఇసకని రాశాడు. "అదే వాడితో నేనన్న ఆఖరు మాట."

మంగయర్కరసి గొంతు మారకుండా అడిగింది. "తర్వాత?"

"ఈ రెండో చెట్టెక్కాడు. ఆ రోజు కొండల వైపు నుంచి గాలి. కింద మాకు తెలీదు గానీ పైన మట్టలు కొట్టుకుంటున్నాయి. వాడు మట్టల్లోంచి తల పైకి పెట్టాడు. గాలి మొహాన కొట్టింది. అంతే..." తంగపళం మాట ఆపి, మెడ వెనక్కి విరిచి, నోరు తెరిచి, రెండు చేతులూ గొంతు మీద వేసుకుని చూపించాడు. "ఇలా అయిపోయాడు. నూతిలో మునిగేవాడు ఊపిరికి ఎగబడినట్టు. చెట్టు మీదున్నవాడు రెండు చేతులూ వదిలాక ఇంకేముందమ్మా."

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఎవరడిగారు? ఎలా పడ్డాడన్నారు. చేతులు వదిలేసి అన్నాను. సరే అని పోయారు."

ఆమె తలెత్తి చెట్టు కొస చూసింది. అందరూ పడటం గురించే అడిగారు. గాలి గురించి ఒక్కరూ అడగలేదు. రేబిస్ ముదిరినవాడికి నీళ్ళు చూస్తే గొంతు బిగుస్తుందని ఊళ్ళో కూడా తెలుసు. మొహానికి గాలి తగిలినా అలాగే బిగుస్తుందని వైద్యం చదివినవాళ్ళకే తెలుసు. ఆమెకి చదువు చెప్పిన పెద్ద డాక్టరు రోగి మంచం పక్కన నిలబడి చేతి విసనకర్రతో మెల్లగా విసిరి చూసేవారు. ఒక్కసారి చూసి తేల్చకండర్రా, మళ్ళీ విసరండి అనేవారు. ఇప్పుడామె తన దగ్గర చదువుకునే పిల్లలకి అదే చెబుతుంది.

"అతన్ని ఏదైనా కరిచిందా, తంగపళం?"

"మాఘంలో కొన్నాళ్ళు కుంటుతూ నడిచాడు. ముల్లన్నాడు. నాకంతవరకే తెలుసు. మిగతాది ఇంట్లో అడగండి. కానీ ఆవిడ చెప్పదు."

"ఎందుకు చెప్పదు?"

"వెళ్ళి చూడండి, మీకే తెలుస్తుంది," అని అతను మొహం తిప్పుకున్నాడు.

* * *

ఇసక్కిముత్తు భార్య పేచ్చియమ్మాళ్ చాప పరిచింది. కరెంటు లేదు. తానే అల్లిన తాటాకు విసనకర్ర తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టి, కొంచెం దూరంగా గోడనానుకుని కూర్చుంది. కూతురు అమ్మమ్మ దగ్గరుందని చెప్పింది. ఆయన కిడ్నీలు పెట్టించుకున్న ఇద్దరూ పోయారని డాక్టరమ్మ చెబితే తల వంచుకుని వింది. ఆ తర్వాత అడిగినవాటికి అవుననో కాదనో తల మాత్రం ఆడించింది.

"మీ ఆయన్ని ఏదైనా జంతువు కరిచిందా, తల్లీ?"

తల అడ్డంగా ఆడింది. కళ్ళు మాత్రం గుమ్మం వైపు వెళ్ళాయి.

మంగయర్కరసి కూడా గుమ్మం చూసింది. ద్వారబంధానికి పసుపుతాడు. వరసగా ముళ్ళు వేసి, నిమ్మకాయ గుచ్చి ఉంది. కాయ ఎండి నల్లబడింది. అలాంటి తాడే ఒకసారి, డాక్టరయిన కొత్తల్లో, కుక్క కరిచి చనిపోతున్న ఒక చాకలాయన మణికట్టుకి చూసింది. అప్పుడు దాని అర్థం ఎవరూ ఆమెకి చెప్పలేదు.

ఇంతలో వాకిట్లోకి ఒక కుక్క వచ్చి గంజి కుండ వాసన చూసింది. పేచ్చియమ్మాళ్ ఉలిక్కిపడి లేచింది. "ఏయ్... వాకిటిదానా! పో! పో!"

కుక్క అన్న పేరు ఆమె నోటినుంచి రాలేదు. రానివ్వలేదు.

మంగయర్కరసికి అంతా అర్థమైంది. విసనకర్ర ఒళ్ళో పెట్టుకుంది.

"విషం దించే పెద్దాయన ఈ తాడు కట్టాడా?"

పేచ్చియమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కట్టి, దాని పేరూ, అది చేసిన పనీ ఈ ఇంట్లో ఎవరూ నోటితో అనకూడదన్నాడా? ఎప్పటిదాకా?"

పేచ్చియమ్మాళ్ సన్నటి గొంతుతో అంది. "ఆడి నెలలో, ఆషాఢంలో జరిగే కొలువుదాకా. అమ్మవారి ముందు ఆ పెద్దాయనే విప్పాలి. ఈలోపల మాట జారితే... మా ఆయన మీంచి దిగింది పిల్ల మీదికి ఎక్కుతుందన్నాడు." ఆమె చేతులు జోడించింది. "ఆయన పోయాడు. పిల్ల ఒక్కతే ఉందమ్మా నాకు. నన్ను అడగొద్దు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆస్పత్రిలో, లోపల భర్త ఊపిరి యంత్రం ఆడిస్తుంటే, తలుపు బయట నిలబెట్టి వరసపెట్టి ప్రశ్నలడిగితే ఈ మనిషి తలూపింది. అబద్ధం ఆడాలని కాదు. పిల్లని కాపాడుకుంది. అయితే ఇద్దరు మనుషులు పోయిన పాపం ఎవరి లెక్కలో పడుతుంది? అమ్మవారి పేరు చెప్పి నోరు కట్టేసినవాడిదా? ఆ నోరు ఎందుకు బిగిసిందో ఒక్క నిమిషం కూర్చుని అడగని మాదా? మంగయర్కరసి నుదుటి విభూతిని వేళ్ళతో తాకింది. నెల్లైయప్పా, మా ఊరి శివయ్యా, నువ్వే చూడాలి అనుకుంది.

"నువ్వు చెప్పొద్దమ్మా," అంది. "నీ నోరు నువ్వు కట్టుకునే ఉండు. నేను చెబుతాను. నా నోటితో, నీ గుమ్మంలో నిలబడి. ఎక్కేదేదైనా ఉంటే నా మీదికే ఎక్కనీ."

"వద్దమ్మా! మీకూ పిల్లలుంటారు!"

"ఉన్నారు. అయినా చెబుతాను." ఆమె లేచి తాడు కిందకి వెళ్ళి నిలబడింది. ఇన్నేళ్ళ చదువు ఉన్నా ఒళ్ళు ఒక్కసారి జలదరించింది. "మాఘమాసంలో, తెల్లవారకముందు, చెట్ల దగ్గరికి వెళ్తుంటే మీ ఆయన్ని కుక్క కరిచింది. పిచ్చికుక్క. అవునా?"

పేచ్చియమ్మాళ్ రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఏమీ జరగలేదు. వాకిట్లో కాకి అరిచింది. గంజి మీద ఈగ వాలింది. కొంతసేపటికి ఆమె చేతులు దించి, తన కుడిపిక్క మీద చూపుడువేలితో నాలుగు గాట్లు గీసి చూపించింది.

"ఆ కుక్క ఏమైంది?"

"మర్నాడే..." ఆమె తాడు వైపు చూసింది. "మర్నాడే చెరువు గట్టున నోట్లో నురగతో చచ్చిపడి ఉంది." అని, ఒక్కసారిగా నేలమీద కూలబడింది. "అయితే ఆ ఇద్దరినీ నేనే చంపానా అమ్మా? ఆయన కిడ్నీలతో నాలుగు కాలాలు బతకాలని ఇచ్చాను. విషం ఇచ్చానా?"

మంగయర్కరసి ఆమె పక్కన కూర్చుంది. "నువ్విచ్చింది ప్రాణం. మూడో మనిషి ఇంకా బతికున్నాడు. నువ్విప్పుడు చూపించిన ఆ నాలుగు గాట్లే అతన్ని కాపాడాలి. ఇంకొకటి, ఇవాళే నువ్వూ నీ కూతురూ ఆస్పత్రికి రండి. సూదులు వేస్తారు."

"సూది వేస్తే కట్టు తెగదా?"

"తాడు ఆడి నెలదాకా ఉండనీ. సూది ఇవాళ పడనీ. అమ్మవారు రెండిటికీ అడ్డు రాదు."

పేచ్చియమ్మాళ్ కళ్ళు తుడుచుకుంది. వెళ్ళబోతున్న డాక్టరమ్మ విసనకర్ర తిరిగివ్వబోతే తీసుకోలేదు. "ఉంచుకోండమ్మా. దారంతా ఎండ."

* * *

కారులోంచే ఆమె ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసింది. "మీరు చెప్పేది బాగుంది మేడం. కానీ కంప్లైంటు ఇచ్చిన పెద్ద డాక్టరే అది వెనక్కి తీసుకోవాలి. లేకపోతే అయిదింటికి నా పని నేను చేస్తాను," అన్నాడతను. జెబమణీ, నేతపనివాడూ ఇద్దరి బతుకూ ఒకే మనిషి సంతకం దగ్గర ఆగింది.

తిల్లైనాయగం గదిలో ఇప్పుడు కిటికీలు కూడా మూసి ఉన్నాయి. కాఫీ అక్కడే ఉంది. దాని పక్కన నిండు నీళ్ళగ్లాసు.

ఆమె నిలబడే అంతా చెప్పింది. మోకు, దొన్నె, గాలి, గుమ్మం మీద తాడు, పిక్క మీద గాట్లు.

"చెట్లెక్కేవాడి కథలూ, నిమ్మకాయ తాళ్ళూనా?" ఆయన బల్ల గుద్దాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇదా మీ ఋజువు? ముప్పయ్యేళ్ళ చదువు ఏ గంగలో కలిపారు? ఒక విధవరాలు వేలితో గీతలు గీసి చూపిస్తే నేను కాలేయాన్ని బలివ్వాలా? నన్నెందుకు... నా మీద పడి ఎందుకిలా..." మాట మధ్యలో తెగింది. ఆయన పెదవి చివర నుంచి లాలాజలం కారింది. రుమాలుతో గబుక్కున తుడుచుకున్నాడు.

ఆయన ఎన్నడూ ఇలా అరిచే మనిషి కాదు. మంగయర్కరసికి బదులు చెప్పాలనిపించలేదు. అలసటతో కుర్చీలో కూర్చుని, ఉక్కకి తాళలేక, చేతిలోని తాటాకు విసనకర్రతో విసురుకుంది.

ఆ గాలి బల్ల దాటి ఆయన మొహానికి తగిలింది.

తిల్లైనాయగం మెడ వెనక్కి విరిచుకుపోయింది. గొంతు కింద కండరాలు తాళ్ళలా లేచాయి. నోరు తెరుచుకుంది, ఊపిరి ఎగబడి లోపలికి వెళ్ళింది, రెండు చేతులూ గొంతు మీదికి వెళ్ళాయి.

ఎర్ర ఇసకలో తంగపళం చూపించింది సరిగ్గా ఇదే.

ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆమె కళ్ళు మూసిన కిటికీల మీంచి తిరగని పంకా మీదికి, ముట్టని కాఫీ మీదికి, ముట్టని నీళ్ళ మీదికి వెళ్ళి, చివరికి ఆ బొటనవేలి మీద ఆగాయి. గోకీ గోకీ అది ఎర్రగా కమిలిపోయి ఉంది. మధ్యలో సన్నటి పాత గాటు.

"ఆ వేలికేమైంది సార్?" విసనకర్రని బల్లమీద పెట్టి అడిగింది ఆమె.

ఆయన ఊపిరి సర్దుకోవటానికి కొంతసేపు పట్టింది. "ఇసక్కిముత్తు అవయవాలు తీసిన రోజు," అన్నాడు మెల్లగా. "వెన్ను దగ్గర, నరాల గుత్తి పక్కన కత్తి జారింది. చేతి తొడుగు చిరిగి కొంచెం తెగింది. ఒకదాని వెంట ఒకటి మూడు ఆపరేషన్లు చెయ్యాలి. కడుక్కుని, కొత్త తొడుగు వేసుకుని పని చేసుకుపోయాను. ఎప్పుడో మానిపోయింది. మూడు రోజులుగా దురద."

ఇద్దరూ డాక్టర్లే. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బుకి మందు లేదని ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు.

బయట వార్డులో ఎవరో నవ్వుతున్నారు. తిల్లైనాయగం కాగితం దగ్గరికి లాక్కుని, ఆరుముగనయినార్ పేరు రాసి, కాలేయం నిలబెట్టే మందు ఎంతెంత తగ్గించాలో రాశాడు. దాని కింద జెబమణి మీద ఇచ్చిన కంప్లైంటు వెనక్కి తీసుకుంటున్నానని రాశాడు. ఒక్క అక్షరం కూడా కొట్టేయలేదు. సంతకం పెట్టి ఆమె వైపు తోశాడు.

"నేత మనిషికి ఇవాళే మొదలుపెట్టండి. ఆ పిల్లకి... జెబమణికి నా మాటగా ఏదో ఒకటి చెప్పండి. ఏం చెప్పాలో నాకు తోచటం లేదు."

ఆమె కాగితం తీసుకుంది.

"ఇంకొక పనుంది డాక్టరమ్మా," అన్నాడు. ఇప్పుడా పిలుపులో వెటకారం లేదు. "ఒక్కసారి చూసి తేల్చకూడదని మీ దగ్గర చదువుకునే పిల్లలకి చెబుతుంటారుగా. మళ్ళీ విసరండి."

మంగయర్కరసి చెయ్యి లేవలేదు.

ఆయన బల్ల మీదుగా చెయ్యి చాచి విసనకర్ర అందుకుని, కళ్ళు మూసుకుని, తన మొహం మీదికి తానే విసురుకున్నాడు.